బోరు నీళ్ల ఫ్లోరైడ్, సైంధవ లవణం, తగ్గని టీఎస్‌హెచ్

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనపడినవి ఇవి. మీకు 31 ఏళ్లు, ఊరు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా దగ్గర. రెండేళ్లుగా 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ గోలీ వేసుకుంటున్నారు. అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథి మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్) తగ్గకపోగా 6 నుంచి 11.4కు పెరిగింది. ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మిల్లీగ్రాములు ఉందని పరీక్షలో తేలింది. మోకాళ్ల నొప్పికి ఇచ్చిన కాల్షియం బిళ్లను, మర్చిపోకుండా ఉంటుందని, పొద్దున్నే థైరాయిడ్ గోలీతో కలిపి మింగుతున్నారు. వీడియోలు చూసి అయోడిన్ ఉప్పు మానేసి సైంధవ లవణానికి మారారు. బాబు కొత్త పళ్ల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి, మీ అత్తమ్మ మెడ తిప్పలేకపోతున్నారు. ఫ్లోరైడ్ శరీరంలోని అయోడిన్‌ను బయటికి తోసేస్తుందట, అయోడిన్ చుక్కలు వేసుకుంటే సరిపోతుందట, నిజమేనా అని అడిగారు. రెండో బిడ్డ కోసం చూస్తున్నామని చివర్లో ఒక్క మాటగా రాశారు గానీ, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది అదే.

జవాబు ముందే చెప్పేస్తాను. చుక్కలు కొనకండి. థైరాయిడ్ గోలీ ఆపకండి. కాల్షియం బిళ్లను రేపటి నుంచే మధ్యాహ్నం భోజనంలోకి మార్చండి. అయోడిన్ ఉప్పు మళ్లీ తెచ్చుకోండి. తాగే నీళ్లతో పాటు వంట నీళ్లు కూడా మార్చండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. కారణం తెలియకుండా నేను చెప్పినట్టు చేస్తే, ఇంకో వీడియో కనపడగానే ఇంకోలా మార్చేస్తారు.

చంద్రపూర్ జిల్లాలో చాలా ఏళ్లుగా ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చే మన తెలుగు ఆడవాళ్లలో మీలాంటి కేసు తరచుగా కనపడుతుంది. ఒళ్లు నొప్పులకు ఒక డాక్టరు కాల్షియం రాస్తారు, నీరసానికి ఇంకొకరు ఐరన్ రాస్తారు, థైరాయిడ్‌కు మూడో చోట గోలీ ఇస్తారు. మూడూ ఒకే డబ్బాలో ఉంటాయి, పొద్దున్నే ఒకే గ్లాసు నీళ్లతో కడుపులోకి పోతాయి. థైరాయిడ్ గోలీలో ఉండే లెవోథైరాక్సిన్‌ను కాల్షియం, ఐరన్ రెండూ పేగులోనే పట్టేసుకుంటాయి. ఒంటికి పట్టాల్సిన మందులో కొంత వృథాగా బయటికి పోతుంది. ఎసిడిటీకి తాగే అల్యూమినియం ఉన్న సిరప్‌లు కూడా ఇదే పని చేస్తాయి. గోలీ వేసుకున్న వెంటనే తాగే చాయ్, కాఫీ కొంతవరకు అడ్డం వస్తాయి. అందుకే టీఎస్‌హెచ్ పెరిగిందని నా దగ్గరికి వస్తే డోసు జోలికి పోకముందు నేను అడిగేది ఒక్కటే: గోలీ ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నారు?

పరగడుపున మామూలు నీళ్లతో థైరాయిడ్ గోలీ వేసుకోండి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు చాయ్ కూడా వద్దు. కాల్షియానికీ ఐరన్‌కూ దానికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. పొద్దున పొలానికి పోయే హడావిడిలో కుదరదంటే, రాత్రి తిన్నాక మూడు గంటలు ఆగి పడుకునే ముందు వేసుకున్నా పనిచేస్తుంది. రోజూ ఒకే వేళ ఉండాలి, అంతే. కాల్షియం మధ్యాహ్నం అన్నంతో వేసుకోమన్నాను కదా, దానికి ఇంకో లాభం కూడా ఉంది. తిండితో పాటు వచ్చిన ఫ్లోరైడ్‌ను కాల్షియం కడుపులోనే కట్టిపడేస్తుంది, అది ఒంట్లోకి తక్కువగా ఎక్కుతుంది. అదే బిళ్ల పొద్దున వేసుకుంటే మందును పాడుచేస్తుంది, మధ్యాహ్నం వేసుకుంటే మేలు చేస్తుంది. వేళ మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూపించుకోండి. అంతకుముందు చూపిస్తే సరైన లెక్క రాదు. అప్పటికీ తగ్గకపోతే డోసు పెంచాల్సి రావచ్చు. గ్రంథి అసలే పనిచేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు దాదాపు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది కాబట్టి 50 అనేది చిన్న డోసే. అది మాత్రం మీ డాక్టరే తేల్చాలి, మీ అంతట మీరు పెంచుకోకండి.

ఇక ఉప్పు. సైంధవ లవణం సహజమైనదే, గనిలో తవ్వి తీసినదే. కానీ అందులో అయోడిన్ మనకు సరిపోయేంత ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణులకు 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. థైరాయిడ్ హార్మోన్‌లో ప్రధానమైన టీ4 అణువు ఒక్కోదాంట్లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ముడిసరుకు లేకుండా గ్రంథి ఏం తయారు చేస్తుంది? సముద్రపు చేపలు రోజూ తినే కోస్తా వాళ్ల సంగతి వేరు. మనం సముద్రానికి ఎంత దూరంలో ఉన్నామో చూడండి. వానలు, వరదలు మట్టిలోని అయోడిన్‌ను కడిగేస్తూ పోతాయి, అందుకే ఇంత లోపలి నేలల్లో పండిన జొన్నలోనూ పప్పులోనూ అది తక్కువే ఉంటుంది.

లెక్క చూద్దాం. మన దేశంలో ఇంటికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి, అంటే గ్రాము ఉప్పుకు 15 మైక్రోగ్రాములు. ఒక మనిషి రోజుకు 10 గ్రాముల ఉప్పు తింటే 150 అందుతుంది. మన ఇళ్లలో పచ్చళ్లు, పులుసులు కలిపి దాదాపు అంత ఉప్పు తింటాం. బీపీకి అంత ఉప్పు మంచిది కాదన్నది వేరే సంగతి. తక్కువ ఉప్పు తినేవాళ్లు పాలు, గుడ్లు, చేపలు కూడా చూసుకోవాలి. మీరు ఉప్పు మార్చిన రోజు నుంచి ఇంటిల్లిపాదికీ ఈ 150 ఎక్కడి నుంచి వస్తోంది? మీ టీఎస్‌హెచ్ పెరగడంలో కాల్షియం బిళ్ల వాటా ఎక్కువని నా అంచనా. అయినా ఎదిగే బాబుకు, రేపు కడుపులో పడే బిడ్డకు ఈ లోటును నేను తేలిగ్గా తీసుకోలేను.

ఈ ఉప్పు కథ తెలిస్తే దాన్ని ఎందుకు వదలొద్దంటున్నానో అర్థమవుతుంది. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ రామలింగస్వామి గారి బృందం పెద్ద ప్రయోగం చేసింది. అయోడిన్ లోటుతో వచ్చే గొంతు వాపులు (గాయిటర్) బాగా ఉన్న ప్రాంతం అది. కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్లు చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట వాపులు బాగా తగ్గాయి. ఆ ఫలితం మీదే 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. మామూలు ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిషేధం ఒకసారి వచ్చి, 2000లో ఎత్తేసి, 2006లో మళ్లీ వచ్చింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన రామలింగస్వామి గారు మన తెలుగువాడు కావడం నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది.

ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి బొమ్మ చూసి కొనండి. కొన్ని కంపెనీలు సైంధవ లవణంలో కూడా అయోడిన్ కలుపుతున్నాయి. అది ఇష్టమైతే ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చదివి తీసుకోండి. దొడ్డుప్పు వాడేవాళ్లు మట్టి ఉందని నీళ్లలో కడుగుతారు, దాంతో అయోడిన్ కూడా పోతుంది. పొయ్యి పక్కన మూత లేని డబ్బాలో, తేమ తగిలేలా పెట్టినా తగ్గిపోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, కూర దింపే ముందు ఉప్పు వేయడం మంచిది. మీ ఊరి ఆశా తాయిని అడగండి, ఉప్పు పరీక్షించే చిన్న కిట్ దొరకవచ్చు. ఒక చుక్క వేస్తే అయోడిన్ ఉన్న ఉప్పు నీలిరంగుకు తిరుగుతుంది. నల్ల ఉప్పు సంగతి ఇంకోటి. అందులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుందని, ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ మీద జీవితమంతా పనిచేసిన డాక్టర్ ఎ.కె. సుశీల గారు హెచ్చరిస్తూ వచ్చారు. చాట్ మసాలాలకు, నల్ల ఉప్పు కలిపిన సుపారీకి మీ ఇంట్లో దూరంగా ఉండడమే మేలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఫ్లోరైడ్ అయోడిన్‌ను తోసేస్తుందా? ఆ వీడియోల్లో చెప్పినట్టు కాదు. రసాయన పట్టికలో రెండూ ఒకే నిలువు వరసలో ఉన్నాయి కాబట్టి చిన్నది వచ్చి పెద్దదాన్ని నెట్టేస్తుందని చెబుతారు. థైరాయిడ్ కణానికి అయోడిన్ లోపలికి పోవడానికి ప్రత్యేకమైన తలుపు లాంటి ప్రోటీన్ ఒకటి ఉంటుంది. ఆ తలుపు దగ్గర అయోడిన్‌తో పోటీ పడేవి దాదాపు దాని సైజులోనే ఉండేవి: పెర్‌క్లోరేట్, పొగతాగడం వల్ల ఒంట్లో పెరిగే థయోసయనేట్, ఇంకా నైట్రేట్. ఫ్లోరైడ్ వాటికంటే చాలా చిన్నది, అక్కడ అలా పోటీ పడదు. అది వేరే దారుల్లో ఇబ్బంది పెడుతుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆ తలుపుల సంఖ్యను తగ్గించడం ఒకటి, టీ4ను చురుకైన టీ3గా మార్చే ఎంజైములను మందగింపజేయడం ఇంకొకటి. నైట్రేట్ పేరు చెప్పాను కాబట్టి ఒక మాట. పత్తి చేలకు యూరియా గట్టిగా వేసే మన వైపు బావుల్లో నైట్రేట్ కూడా ఉండే అవకాశం ఉంది. ఈసారి నీళ్లు పరీక్షకు ఇచ్చినప్పుడు అది కూడా రాయించండి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఫ్లోరైడ్‌కూ థైరాయిడ్‌కూ సంబంధమే లేదని కూడా నేను అనను. 1950లలో యూరప్‌లో కొందరు డాక్టర్లు థైరాయిడ్ అతిగా పనిచేసే రోగులకు ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. కొందరిలో గ్రంథి జోరు తగ్గింది, కొందరిలో ఏ మార్పూ రాలేదు. 2006లో అమెరికా జాతీయ పరిశోధన మండలి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించింది. రోజుకు కిలో బరువుకు 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతే థైరాయిడ్ మీద ప్రభావం కనపడుతోందని, అయోడిన్ లోటు ఉన్నవాళ్లలో 0.01 నుంచి 0.03 దగ్గరే కనపడవచ్చని రాసింది. కెనడా జనాభా మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం నాకు ఇంకా ముఖ్యమైనది. అందరినీ కలిపి చూస్తే మూత్రంలోని ఫ్లోరైడ్‌కూ టీఎస్‌హెచ్‌కూ పొత్తు కనపడలేదు. అయోడిన్ బాగా తక్కువ ఉన్నవాళ్లను విడిగా చూస్తే, ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నవాళ్లలో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంది. ఇలాంటి అధ్యయనాలు పొత్తు చూపిస్తాయి గానీ కారణాన్ని రుజువు చేయవు. అయినా మీ ఇంటికి పనికొచ్చే సంగతి అందులో ఉంది. అయోడిన్ సరిపడా ఉన్న ఒంటి మీద ఫ్లోరైడ్ దెబ్బ తక్కువ, లేని ఒంటి మీద ఎక్కువ. ఫ్లోరైడ్ భయంతో అయోడిన్ ఉప్పు మానేయడం వల్ల మీరు ఆ రెండో గుంపులోకి వెళ్తున్నారు.

2.6 అంటే ఎంతో చూడండి. లీటరుకు 1.5 అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి మనిషి రోజుకు రెండు లీటర్ల నీళ్లు తాగుతాడన్న లెక్కలో పెట్టింది, అంటే 3 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం 1.0, వేరే దారి లేకపోతే 1.5 వరకు. చంద్రపూర్ ఎండాకాలంలో, 45 డిగ్రీల్లో పత్తి చేలో పనిచేసే మనిషికి రెండు లీటర్లు ఏ మూలకు సరిపోతాయి? తాగేవీ వంటలో కలిసేవీ కలిపి నాలుగు లీటర్లు వేసుకుంటే, మీ బోరు నీళ్ల నుంచి రోజుకు 10 మిల్లీగ్రాములకు పైగా ఒంట్లోకి పోతుంది. 55 కిలోల మనిషికి కిలోకు 0.19. అమెరికా వాళ్లు చెప్పిన హద్దు కంటే చాలా పైన. కాబట్టి నీళ్లు మార్చాల్సిందే, అందులో నాకు ఏ సందేహమూ లేదు. థైరాయిడ్ కంటే ముందు ఎముకల కోసం, పళ్ల కోసం మార్చాలి.

యవత్‌మాళ్ జిల్లాలో పాండర్‌కవడా వైపు, నాందేడ్ జిల్లాలో కిన్వట్ వైపు, మన చంద్రపూర్‌లోనూ చాలా బోర్లకు ఈ సమస్య ఉంది. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీళ్లలోకి కరుగుతుంది. లోతు బోరులో నీళ్లు ఆ రాయి మధ్య ఎక్కువకాలం ఉంటాయి కాబట్టి అక్కడే ఎక్కువ. ఫ్లోరైడ్‌కు రుచి, రంగు, వాసన ఉండవు. పప్పు బాగా ఉడికే నీళ్లు మంచి నీళ్లని మనవాళ్ల నమ్మకం. కాల్షియం తక్కువగా ఉంటేనే పప్పు తొందరగా ఉడుకుతుంది, ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగేది కూడా కాల్షియం తక్కువ ఉన్న నీళ్లలోనే. అందుకే పరీక్ష చేయించకుండా ఏ బోరునీ నమ్మకండి. జిల్లాలో భూజల సర్వేక్షణ్ విభాగం వాళ్ల ల్యాబ్‌లో గానీ, గ్రామపంచాయతీ ద్వారా నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో గానీ చేయించవచ్చు.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీరే కాబట్టి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్ కూడా దీన్ని ఆపలేవు. ఆర్‌ఓ చాలావరకు తీసేస్తుంది. యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత కూడా పనిచేస్తుంది. పటిక, సున్నం వేసి కలిపి తేర్చే నల్గొండ పద్ధతి మన తెలుగు నేల పేరుతోనే ఉంది, తయారు చేసింది నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ. ఇంట్లో తూకం తప్పకుండా చేయడం కష్టం కాబట్టి ఊరంతటికీ కలిపి ఎవరైనా బాధ్యత తీసుకుంటేనే నేను దాన్ని సిఫార్సు చేస్తాను. ఊళ్లో పాత చేదబావి ఉంటే దాని నీళ్లు పరీక్షించండి, చాలాచోట్ల పక్కనే ఉన్న బోరు కంటే అందులో తక్కువ ఉంటుంది. వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండనే ఉండదు.

చాలా ఇళ్లలో 20 లీటర్ల క్యాన్ తెచ్చి తాగడానికి మాత్రం వాడతారు. అన్నం, పప్పు, చారు, చాయ్ అన్నీ బోరు నీళ్లతోనే. అన్నం ఉడికేటప్పుడు పీల్చుకున్న నీళ్లతో ఫ్లోరైడ్ కూడా లోపలికి పోతుంది. క్యాన్ కొనడానికి పెట్టిన డబ్బుకు సగం ఫలితమే దక్కుతుంది. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లు వాడండి, ఏ ఇబ్బందీ లేదు. కడుపులోకి పోయేవన్నీ మంచి నీళ్లే కావాలి. చాయ్ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, కాబట్టి రోజుకు అయిదారు కప్పులు తాగే అలవాటు ఉంటే తగ్గించండి. చింతపండు మానకండి. అది తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లో చూపించారు. చిన్న అధ్యయనమే, నీళ్లు మార్చకుండా చింతపండును నమ్ముకుంటే లాభం లేదు. పాలు, పెరుగు, రాగులు, మునగాకు బాగా వాడండి.

అయోడిన్ చుక్కలు ఎందుకు వద్దో కూడా లెక్కతోనే చెప్తాను. లూగాల్ ద్రావణం అని అమ్మే 5 శాతం చుక్క ఒక్కదాంట్లో దాదాపు 6 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. రోజుకు కావాల్సినదానికి 40 రెట్లు. పెద్దవాళ్లకు గరిష్ఠ హద్దు 1,100 మైక్రోగ్రాములంటే, ఒక్క చుక్కతోనే ఐదింతలు దాటేస్తారు. ఒక్కసారిగా అంత అయోడిన్ వస్తే గ్రంథి హార్మోన్ తయారీనే ఆపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొద్దిరోజుల్లో తేరుకుంటారు గానీ, మీలా గ్రంథి ఇప్పటికే నీరసించినవాళ్లు తేరుకోకపోవచ్చు. మన దేశంలో అయోడిన్ ఉప్పు తినే పెద్దవాళ్లలో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కనపడే కారణం, ఒంట్లోని రక్షణ కణాలే గ్రంథి మీద దాడి చేయడం. మీకు అదేనా అన్నది యాంటీ టీపీఓ పరీక్షలో తెలుస్తుంది. మీ రిపోర్టుల్లో అది లేదు, ఈసారి చేయించుకోండి. అది పాజిటివ్ అయితే చుక్కలు ఇంకా ప్రమాదం.

బాబు సంగతి. ముందు పళ్ల పైపొర చిన్న వయసులోనే తయారైపోతుంది కాబట్టి ఆ మచ్చలు మందులతో పోవు. పెద్దయ్యాక కావాలంటే డెంటిస్టు సరిచేయగలరు. ఇంకా చిగురు లోపలే తయారవుతున్న పళ్లు ఉన్నాయి. దాదాపు ఎనిమిదేళ్ల వరకు ఆ పని నడుస్తుంది. నీళ్లు ఇప్పుడు మారిస్తే వాటిలో కొన్నిటిని కాపాడుకోవచ్చు. టూత్‌పేస్ట్ బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మేయించండి. మీ అత్తమ్మను నిలబడి వంగి పాదాలు ముట్టుకోమనండి, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి, చేతులు మడిచి తల వెనక పెట్టమనండి. ఇవి చేయలేకపోతే ముంజేతి ఎక్స్‌రే తీయించండి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుందేమో చూస్తే ఫ్లోరోసిస్ గుర్తు పట్టవచ్చు. ఆమెకు కూడా ఒకసారి టీఎస్‌హెచ్ చేయించండి. థైరాయిడ్ మందగించినా ఒళ్లు నొప్పులు, బిగుసుకుపోవడం ఉంటాయి, అన్నీ ఫ్లోరైడ్ ఖాతాలో వేసేస్తే అది దొరకదు.

చివరిగా రెండో బిడ్డ. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డ మెదడు పూర్తిగా తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. 11.4 మీద గర్భం దాల్చవద్దని గట్టిగా చెబుతున్నాను. గోలీ వాడుతున్నవాళ్లకు టీఎస్‌హెచ్ 2.5 లోపుకు వచ్చాకే ప్రయత్నించమని చెబుతాం. అంతవరకు కొన్ని నెలలు ఆగండి, మీ వయసుకు అదేమీ ఆలస్యం కాదు. నెల తప్పి పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి, మొదటి చెకప్ దాకా ఆగొద్దు. అప్పుడు మందు సుమారు నాలుగో వంతు పెంచాల్సి వస్తుంది, నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. సర్కారీ దవాఖానాలో ఐరన్, కాల్షియం ఇస్తారు. వాటిని మానకండి, కానీ థైరాయిడ్ గోలీకి నాలుగు గంటల దూరంలో వేసుకోండి. ఆ రెండిటినీ కూడా ఒకదానితో ఒకటి కలపకుండా వేర్వేరు పూటల్లో వేసుకోండి. ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్, యాంటీ టీపీఓ, కొత్త నీళ్ల రిపోర్టు మూడూ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.